అరువు తెచ్చిన వరస

పోయిన వారం ఎలీనాని చర్చి మెట్ల మీద కోటు కూడా లేకుండా నిలబెట్టి వచ్చేశాం. టొరంటో పక్కనున్న ఒషావాలో డిసెంబరు చలి ఎలాంటిదో తెలిసినవాళ్ళు నన్ను తిట్టుకునే ఉంటారు. కానీ ఆ పిల్ల బయటికి పరుగెత్తింది చల్లగాలి కోసం కాదు, మొహం దాచుకోవడానికి. అందుకే కాస్త వణికితే వణకనీ అనుకున్నాను.

జరిగింది ఇదీ. ఆ చర్చి హాలుని ఆదివారం మధ్యాహ్నం మన తెలుగువాళ్ళ సహవాసానికి, సాయంత్రం స్పానిష్ మాట్లాడేవాళ్ళకి అద్దెకిస్తారు. నరసాపురం నుంచి చదువుకోవడానికొచ్చిన ఎలీనా రెండు కూటాల్లోనూ కీబోర్డు వాయిస్తుంది. ఆ సాయంత్రం కొలంబియా పెద్దావిడ రొసారియో ముందుకొచ్చి, నెలకోసారి తను పాడే పాట ఎత్తుకుంది. రెండో చరణంలోకి రాగానే ముందు బెంచీలో పిల్లలు గొంతు కలిపారు. వరస అదే, మాటలు మాత్రం వేరు. "రా, తలుపు తీసే ఉంది, నీ సీటు ఉంది, నీ గది ఉంది, కెనడా నీదే" అంటూ ఫోన్లో రోజూ చెవిన పడే ప్రకటన మాటలు పాడేశారు. హాలంతా నవ్వింది. రొసారియో నవ్వలేదు. మైకు స్టాండుకి తగిలించి, ఎవరి వైపూ చూడకుండా వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆ వరసని ప్రకటనకి తగిలించింది, దాన్ని పాడి ఇంటర్నెట్‌లోకి వదిలింది ఎవరో కాదు, కీబోర్డు ముందు కూర్చున్న మన ఎలీనాయే.

తలుపు తెరుచుకుంది. కోటు చేత్తో పట్టుకుని జ్ఞానవతి ఆంటీ బయటికొచ్చింది. వృద్ధుల కేర్ హోములో నర్సు ఆవిడ. తెలుగు సహవాసానికి పెద్దదిక్కు. మధ్యాహ్నం బిర్యానీ గిన్నెలు తిరిగి పట్టుకెళ్ళడానికని ఆగింది.

"ఏమ్మా, పిచ్చేమైనా పట్టిందా నీకు? ఈ చలిలో ఎవరైనా ఇలా నించుంటారా? జ్వరమొస్తే నువ్వుండే బేస్‌మెంట్లో నిన్ను చూసే దిక్కెవరు?"

"లోపల ఉక్కపోతగా ఉంటేనూ, ఆంటీ..."

"డిసెంబర్లో ఉక్కపోతా! బానే ఉంది సంబడం." కోటు భుజాల మీద కప్పింది. "అయినా ఎంత బాగా పాడారే ఆ పిల్లలు! ఊరు కాని ఊళ్ళో, మనది కాని భాషలో మన పిల్ల పాట! మా కేర్ హోములో పనిచేసే మెక్సికో అమ్మాయికి కూడా వచ్చు తెలుసా? మా చర్చి పిల్లే పాడింది అని గొప్పగా చెప్పుకున్నాను."

తిడితే భరించేది ఎలీనా. తిట్లకి జవాబు చెప్పొచ్చు, అలగొచ్చు, ఏడవొచ్చు. పొగడ్తకి ఏం చేస్తుంది? తేలు కుట్టిన దొంగలా కోటు గుండీలు ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టుకుంది.

ఆంటీ కారెక్కి వెళ్ళిపోయాక ఫోన్ తీస్తే నాన్న సువార్తరాజు గారి వాయిస్ మెసేజ్ ఉంది. ఆయన నరసాపురం దగ్గర చర్చిలో పాటలు కట్టే మనిషి. "అమ్మలూ, నీ వరస మీద క్రిస్మస్ పాట కట్టేశానమ్మా. మొగల్తూరు వాళ్ళు కూడా నేర్చేసుకున్నారు. పాడేముందు లేచి చెప్పాను, ఇది మా అమ్మాయి కట్టిన వరస అని. అందరూ చప్పట్లు కొట్టారమ్మా. అమ్మ ఏడ్చేసింది కూడానూ."

ఎలీనా ఫోన్ జేబులో పెట్టేసుకుంది. వరస తనదేనని నాన్న అనుకుంటే, కాదని చెప్పలేదు. ఇక్కడి అబద్ధం సముద్రాలు దాటి గోదావరి ఒడ్డున క్రీస్తు పుట్టుక పాటగా మారిపోయింది. దాన్ని ఇప్పుడు ఎక్కడని పట్టుకుని వెనక్కి తేవాలి?

ఈ నవలని ఇవాళే అందుకున్నవాళ్ళ కోసం ఒక్క మాట. చదువైపోయాక ఎలీనాకి పని దొరికింది మహీధర్ ఆఫీసులో. ఆయన హైదరాబాదు మనిషి. అమెరికాలో చాలాకాలం ఐటీలో చేసి, ఇక్కడికొచ్చి స్టూడెంట్స్‌ని కాలేజీల్లో చేర్పించే కన్సల్టెన్సీ పెట్టాడు. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. అయినా ఆయనకి ఆశ తీరలేదు.

"మనోళ్ళు ఎట్లాగూ వస్తరు. ఇప్పుడు హిస్పానిక్ ఆడియన్స్‌ని పట్టాలి" అన్నాడు ఒకరోజు మీటింగులో. "మెక్సికో, కొలంబియా, పెరూ. వాళ్ళకి ఫీజుల గురించి పోస్ట్ పెడితే స్క్రోల్ చేసి పారేస్తరు. పాట పెట్టు, ఆగుతరు. అది కూడా ఏదో స్టాక్ మ్యూజిక్ కాదు. వినంగనే మా ఇంటి పాట అనిపించాలె. ఉందా ఎవరి దగ్గరన్నా?"

ఎలీనా చెయ్యెత్తింది. చర్చిలో ఎన్నోసార్లు తను వాయించిన వరసని అక్కడే కూనిరాగం తీసింది. మహీధర్ కుర్చీలోంచి లేచి నించున్నాడు. "ఇది ఎవరిది?" అని అడిగాడు. "వాళ్ళ పాత పాటేదో సర్" అంది. అది కూడా ఊహే. ఎవరినీ అడగలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరో గుండెలో దాచుకున్నదాన్ని తీసి ఆఫీసు బల్ల మీద పెట్టేసింది. ఇంగ్లీషులో తను రాసిన మాటల్ని ఎవరిచేతనో స్పానిష్‌లో పెట్టించారు. అర్థం తెలుసు కానీ భాష తెలియని ఎలీనా వాటిని బట్టీపట్టి, రొసారియో ఎక్కడ గొంతు సాగదీస్తుందో అక్కడ సాగదీసి, ఎక్కడ ఊపిరి తీస్తుందో అక్కడే తీసి పాడింది. రీలు లక్షలమందికి చేరింది. అప్లికేషన్లు వచ్చిపడ్డాయి.

ఆ పాటతో పిలుస్తున్న కాలేజీ సంగతి ఆమెకి తెలిసింది మాత్రం మొన్న శుక్రవారమే. జనవరిలో చేరేవాళ్ళకి చదువయ్యాక వర్క్ పర్మిట్ రాదు. ఉన్న సీట్ల కంటే ఎక్కువమందికి ఆఫర్ లెటర్లు ఇచ్చేశారు. "ఈ ఇన్‌టేక్ అడ్మిషన్లు కానీ, తర్వాత చూద్దాం" అన్నాడు మహీధర్. ఎలీనా తలూపింది. పర్మనెంట్ రెసిడెన్సీకి కావలసిన జాబ్ లెటర్ ఆయనే ఇవ్వాలి మరి. ఆ తలూపడం శుక్రవారం నుంచీ ఆమె మెడలో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు మెట్ల మీదే ఆయన ఫోను.

"ఎలీనా, ఒక ఐడియా. ఒరిజినల్‌గా పాడే పెద్దామె మీ చర్చిలనే ఉందట కదా? రేపు ఆఫీసుకి తీసుకురా. నువ్వు, ఆమె, ఇద్దరు కలిసి పాడాలె. వాళ్ళ అమ్మమ్మే రమ్మని పిలుస్తున్నట్టు ఉంటది. మస్త్ కనెక్ట్ అయితరు. మంగళవారం నీ లెటర్ మీద సంతకం పెడ్త."

"సర్, అదీ... ఆవిడ..."

"పెద్దోళ్ళు నీ మాట వింటరులే. అడుగు."

అడుగు. ఎంత సులువుగా అన్నాడు. అడగడమే చేతనైతే ఈ కథ ఇంత దూరం వచ్చేదా?

ఎలీనా వెనుక తలుపు నుంచి వంటగదిలోకి వెళ్ళింది. రొసారియో సింకు దగ్గర నించుని, కాఫీ కాచిన పెద్ద గిన్నె తోముతోంది. గిన్నె ఎప్పుడో శుభ్రమైపోయింది, ఆవిడ ఇంకా తోముతూనే ఉంది. హాల్లోంచి పాస్టరు ప్రార్థన సన్నగా వినిపిస్తోంది.

"రొసారియో ఆంటీ."

ఆవిడ తిరగలేదు. మామూలుగా అయితే "మిహా" అనేది. మా తల్లే, నా కూతురే అన్నట్టు పిలిచే పిలుపది. తొలిసారి ఈ హాల్లో ఎలీనా తప్పు స్వరం వాయించి బిక్కమొహం వేసినప్పుడు కూడా "పర్లేదు మిహా" అనే నవ్వింది.

"చెప్పు, ఎలీనా" అంది ఇవాళ. పేరు పెట్టి పిలవడంలో కూడా ఇంత దెబ్బ ఉంటుందని ఎలీనాకి తెలియదు.

ఇద్దరికీ కుదిరే భాష ఇంగ్లీషే. అందులో రొసారియోవి చిన్న చిన్న మాటలు. వెతుక్కుని, ఒక్కొక్కటీ పెట్టినట్టు మాట్లాడుతుంది.

"పిల్లల్ని ఏమీ అనకండి ఆంటీ. వాళ్ళకి తెలీదు."

"పిల్లల్ని నేనేమీ అనను. పిల్లలు విన్నది పాడతారు." గిన్నె బోర్లించింది. "నీకు తెలుసా, అది ఏ పాటో?"

"పాత పాట అనుకున్నాను."

"పాతది కాదు. నేను కట్టాను. ఈ వంటగదిలోనే." తడి చేతులు ఆప్రానుకి తుడుచుకుని, ఇటు తిరిగింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. "నా కూతురు మార్తా చనిపోయింది అక్కడ. నేను ఇక్కడ. అప్పుడు నా రెఫ్యూజీ కేసు నడుస్తోంది. వెళ్తే మళ్ళీ రానివ్వరు. ఉంటే కూతుర్ని మట్టిలో పెట్టడం చూడలేను. సమాధి దగ్గర నా తమ్ముడు ఫోన్ పట్టుకున్నాడు. ఇక్కడ నించుని ఫోన్లోకి పాడాను. మాటలు ఏవీ రాలేదు. రా, తలుపు తీసే ఉంది, ఇంటికి రా అన్నాను. చిన్నప్పుడు చీకటిపడితే అలాగే పిలిచేదాన్ని. అంతే ఆ పాట."

ఎలీనా గోడకి ఆనుకుంది. 'రా, తలుపు తీసే ఉంది.' వరస ఒక్కటే తీసుకున్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఈ హాల్లో ఎవరో ఆ మొదటి మాటకి అర్థం చెబితే, బాగుంది కదా, కాలేజీ ప్రకటనకి సరిగ్గా సరిపోతుంది కదా అని దాన్ని కూడా తీసేసుకుంది. చనిపోయిన బిడ్డని తల్లి పిలిచిన పిలుపుతో అప్లికేషన్లు పోగుచేసింది.

"తర్వాత నాలాగే ఇళ్ళకి వెళ్ళలేనివాళ్ళు వచ్చారు" అంది రొసారియో. "ఒకడికి తండ్రి పోయాడు. ఒకామెకి అన్న. వెళ్ళలేరు. అందరి కోసం నెలకోసారి పాడుతున్నాను. నువ్వు పక్కన వాయించేదానివి. చాలా బాగా వాయించేదానివి. నా మార్తా కోసం దేవుడు ఎక్కడి నుంచో ఒక పిల్లని పంపాడు అనుకున్నాను."

సిగ్గంటే చెంపలు ఎర్రబడడమేననుకునేవాళ్ళు ఉంటారు. ఎలీనాకి అలా కాదు. నేల చూస్తే నేల, గోడ చూస్తే గోడ, ఎక్కడ చూసినా తనే కనిపించింది. అయినా నోరు ఊరుకోదు కదా. మనిషి నోరు ముందు తనని కాచుకుంటుంది, తర్వాతే నిజం చెబుతుంది.

"మా దగ్గర వరసలు అందరివీ, ఆంటీ. మా నాన్న చర్చిలో పాటలు కడతారు. నాట్ల పాట వింటే దాని మీద కడతారు, పడవ పాట వింటే దాని మీద కడతారు. వరస దేవుడిచ్చింది, మాట మనం ఇవ్వాలి అంటారు. చిన్నప్పటి నుంచి నేను అదే చూశాను. అందుకే నాకు తప్పనిపించలేదు. మా వీధి చివర సరోజన మామ్మని ఒకావిడ ఉండేది. ఎంత బాగా పాడేదో. ఆవిడ పాట మీద నాన్న ఈస్టరు పాట కట్టారు. నేను కూడా వెళ్ళాను ఆయన వెంట, అరటిపళ్ళు పట్టుకుని..."

అక్కడ ఆగిపోయింది.

అరటిపళ్ళెందుకు పట్టుకెళ్ళారు?

మరిచిపోయిందేమీ కాదు. ఇన్నాళ్ళూ ఆ సగం తలుచుకోలేదు, అంతే. నాన్న గుమ్మం బయటే చెప్పులు విడిచి, "పిన్నీ, నీ వరస తీసుకుంటాను, ఇస్తావా?" అని అడిగాడు. సరోజన మామ్మ వత్తులు చేసుకుంటూ, "తీసుకోరా నాయనా, పాడేముందు ఎవరిదో చెప్పు, చాలు" అంది. నాన్న చర్చిలో లేచి, ఇది సరోజన పిన్ని వరస అని చెప్పి మరీ పాడాడు. ఎవరి వరస పాడినా అలాగే చెప్పేవాడు. నిన్నా అలాగే లేచి చెప్పాడు పాపం, కూతురి పేరు.

"ఎందుకు ఆగావు?" అంది రొసారియో.

"ఆయన అడిగేవారు" అంది ఎలీనా. మళ్ళీ చెప్పింది. "మా నాన్న అడిగి తీసుకునేవారు ఆంటీ. నేను అడగలేదు."

రొసారియో బోర్లించిన గిన్నె తీసి అరలో పెట్టింది. "మీ నాన్న అడిగితే ఇచ్చేదాన్ని. దేవుడి పాటకి ఇవ్వనా? నువ్వు అడిగితే ఇచ్చేదాన్ని కాదు. ఆ సంగతి నీకు తెలుసు. అందుకే అడగలేదు."

ఇంత చిన్న ఇంగ్లీషులో ఇంత పెద్ద నిజం. కాదని చెప్పడానికి ఎలీనాకి రెండు భాషలున్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

"అవునాంటీ" అంది.

హాల్లో ఆమెన్ వినిపించింది, కుర్చీలు జరిపిన చప్పుడు. ఎవరో పిల్లాడు ప్రకటన పాట మళ్ళీ అందుకుంటే తల్లి కసిరింది.

"తీసేస్తాను" అంది ఎలీనా. "ఈ రాత్రికే ఆ వీడియో తీసేస్తాను. పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. ఉద్యోగం పోతే పోనీ. మా నాన్నకి కూడా నిజం చెప్పేస్తాను, ఆ వరస మీదేనని." జాబ్ లెటర్ కళ్ళముందు కదిలింది. కదిలినా సరే ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇన్ని భాగాల్లో ఈ పిల్ల చేసిన మొదటి మంచి పని ఇదే. కానీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులెంత చల్లగా ఉంటే ఏం లాభం?

ఎందుకంటే రొసారియో మొహంలో తేలిక కనబడలేదు. ఆప్రాను జేబులోంచి ఫోన్ తీసింది.

"మార్తాకి ఒక కూతురు ఉంది. లూసియా. నేను వచ్చేటప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి దానికి. ఇప్పుడు కాలేజీ వయసు." ఫోన్ చేతిలో అటూ ఇటూ తిప్పింది. "కొన్ని నెలల కింద దానికి ఫోన్లో ఒక పాట వచ్చింది. అమ్మ సమాధి దగ్గర విన్న పాట. నీ గొంతు విని నా గొంతే అనుకుంది. అమ్మమ్మ పిలుస్తోంది అనుకుంది. నాకు చెప్పకుండా ఆ కాలేజీకి అప్లై చేసింది. సీటు వచ్చిందట, వీసాకి కూడా పెట్టిందట. వాళ్ళ నాన్న పొలం అమ్ముతానంటున్నాడు. నిన్న అడిగింది నన్ను, అమ్మమ్మా, మంచి కాలేజీయేనా అని. నాకేం తెలుసు? కనుక్కుంటాను అన్నాను."

పాట పెడితే ఆగుతారు అన్నాడు మహీధర్. ఆగారు. ఆగి, వాళ్ళ ఇంటి మనిషే పిలిచిందనుకుని కదిలారు కూడా.

"ఆంటీ, ఆ కాలేజీ..."

"నాకు కాదు. దానికి చెప్పు. నన్ను దాని దగ్గర అబద్ధాలకోరుని చేశావు నువ్వు. నువ్వే చెప్పు." వీడియో కాల్ నొక్కేసింది.

తెర మీద ఒక అమ్మాయి. పెద్ద కళ్ళు, ఉంగరాల జుట్టు, రొసారియో గడ్డం. అమ్మమ్మని చూడగానే ముద్దులు పెట్టింది. రొసారియో స్పానిష్‌లో ఏదో చెప్పి ఫోన్ ఎలీనా వైపు తిప్పింది. లూసియా మొహం వెలిగిపోయింది. గబగబా ఏదో అడిగింది.

"ఆ పాట పాడిన అక్కవి నువ్వేనా అంటోంది" అంది రొసారియో. "చాలా బాగా పాడావంటోంది. అక్కడ నిజంగా నాకు చోటుందా అని అడుగుతోంది."

ఎలీనాకి నోటికి వచ్చిన స్పానిష్ అంతా ఆ ప్రకటనలోదే. రా, తలుపు తీసే ఉంది. నీ సీటు ఉంది. నీ గది ఉంది. అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు తయారుగా నాలుక మీదే ఉంది, అక్షరం పొల్లుపోకుండా. ఆ జవాబు అబద్ధం. వర్క్ పర్మిట్, ఇన్‌టేక్, ఆఫర్ లెటర్... వీటిలో దేన్నీ స్పానిష్‌లో ఎలా చెప్పాలో తెలియదు.

కానీ ఒక్క మాటకి భాష అక్కర్లేదు. ఎలీనా తల అడ్డంగా ఊపింది. "నో" అంది. కన్నీళ్ళు వచ్చేశాయి, తుడుచుకోలేదు. "నో, లూసియా. రావద్దు. ఆంటీ, చెప్పండి, అక్కడ దానికి చోటు లేదు. నేను అబద్ధం పాడాను. పొలం అమ్మొద్దని చెప్పండి."

రొసారియో స్పానిష్‌లో చెప్పడం మొదలుపెట్టింది. రెండు మాటలైనా కాకముందే లూసియా నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టింది. ఉండు అమ్మమ్మా, ముందు నేను చెప్పాలి అన్నట్టు. క్రిస్మస్‌కి నీకో కానుక, అని ఏదో అంటూ ఫోన్‌ని తన వెనక్కి తిప్పింది.

పెద్ద అద్దాల గోడ. అద్దాల అవతల విమానం. సంచులు భుజాన వేసుకుని లైన్లో కదులుతున్న మనుషులు. పైనెక్కడో మైకులో ఆడగొంతు చెబుతున్న మాటల్లో ఒకటి మాత్రం ఎలీనాకి అర్థమైంది. టొరంటో.

రొసారియో సింకు అంచు పట్టుకుంది. "లూసియా! లూసియా!" అని అరుస్తోంది. ఆ ఎయిర్‌పోర్టు గోలలో లూసియాకి వినబడలేదు. ఫోన్ మళ్ళీ తన వైపు తిప్పుకుని, ఆ పిల్ల బోర్డింగ్ పాస్ గాలిలో ఊపింది. అమ్మమ్మకి వినిపించాలని పాట ఎత్తుకుని, లైన్లో ముందుకు నడిచింది.

అమ్మ సమాధి దగ్గర విన్న మాటలతో కాదు. ఎలీనా నేర్పిన మాటలతో.